కంపెనీ ముగ్గు

మాణిక్యమ్మ ముగ్గులో గీత వంకర పోయిందంటే సూర్యుడు పడమట పొడిచాడన్నమాటే. అలాంటిది ఆ ఆదివారం పొద్దున్నే చెల్లెలు ప్రసూన ఆవిడ ఇంటి ముందు స్కూటీ ఆపి, దిగబోతూ దిగబోతూ అలాగే నిలబడిపోయింది. వాకిట్లో పదిహేను చుక్కల మెలికల ముగ్గు. దూరం నుంచి చూస్తే బ్రహ్మాండం. దగ్గరికొచ్చి చూస్తే ప్రతి గీతా సన్నగా వణుకుతోంది, గతుకుల రోడ్డు మీద బస్సులో కూర్చుని రాసిన రాతలాగా. ఒక మూల రెండు చుక్కలు అసలు కలవనే లేదు.

"ఏంటక్కా, కళ్ళజోడు మార్చాలా?"

"నీ మొహం. నాలుగు రోజుల్నుంచి నిద్ర సరిగ్గా పట్టట్లేదు, అంతే. లోపలికి రా, పెసరట్టు వేస్తా."

పెసరట్టులో ఉప్పు రెండుసార్లు పడింది. ప్రసూన నోరు మెదపకుండా తినేసింది. బావ వీరస్వామి మాత్రం ఊరుకోలేక "ఉప్పు..." అన్నాడు. అంతే, మాణిక్యం అట్లకాడ పెనం మీదకి విసిరికొట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది. వీరస్వామి బిత్తరపోయాడు. ముప్పై ఏళ్ళ కాపరంలో ఆవిడ గొంతు పెంచడం కూడా ఆయన ఎరగడు.

"ఈ మధ్య ఇలాగే ఉందమ్మా. పళ్ళు తోముకుంటే నెత్తురొస్తోంది. ఊళ్ళో డాక్టరుకి చూపిస్తే, ఈ వయసు ఆడవాళ్ళకి ఇవన్నీ మామూలే అన్నాడు" అన్నాడు గొంతు తగ్గించి.

వణికే చేతులు, నిద్రలేమి, ఉత్తుత్తికే కోపం, చిగుళ్ళలో నెత్తురు. రసాయనశాస్త్రం చదివినవాళ్ళకి ఈ నాలుగూ ఒకచోట కనబడితే ఒకే ఒక్క పేరు గుర్తొస్తుంది. ప్రసూనకీ గుర్తొచ్చింది. వెంటనే తల విదిలించుకుంది. ఛ, ఎలా కుదురుతుంది? ఈ కాలనీలో పాదరసం లేకుండా చేసింది తనేగా!

ఆ కథ చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. ప్రసూనకి మూడేళ్ళప్పుడు అమ్మ పోయింది. కొత్తగా కాపరానికెళ్ళిన మాణిక్యం చెల్లెల్ని చంకనేసుకుని గంగన్నగూడెంలో అత్తారింట్లో అడుగు పెట్టింది. అత్తగారు మూతి ముడిస్తే, "ఇది నా సారెలో భాగం అత్తయ్యా, పెట్టెతో పాటు వచ్చింది" అందట. ప్రసూన అంకెలు నేర్చుకుంది పలక మీద కాదు, అక్క వాకిట్లో చుక్కలు లెక్కపెట్టి. గంగన్నగూడెంలో ముప్పాతిక మందిది ఒకటే ఇంటిపేరు, వెలిచేటి వారు. ఒకింట్లో పెళ్ళయితే ఊరంతా పసుపు దంచేది, ఒకింట్లో చావయితే ఊరంతటికీ మైల.

ఆ ఊరి అడుగున నూనెరాయి పడింది. నల్లగా, పలకలు పలకలుగా ఊడొచ్చే రాయి. అగ్గిపెడితే మండుతుంది. బొగ్గుకి తమ్ముడు, పొగకి మాత్రం పెద్దన్న. కంపెనీ వచ్చి ఊరిని తవ్వేసింది. పక్కనే పొగగొట్టం లేపి కరెంటు తీయడం మొదలుపెట్టింది. ఊరివాళ్ళకి ఆ పొగగొట్టం కిందే వరసగా ఇళ్ళు కట్టించి, పునరావాస కాలనీ అని బోర్డు పెట్టింది. అదే కంపెనీ ప్రయోగశాలలో ప్రసూనకి ఉద్యోగం వచ్చినప్పుడు కాలనీ అంతా మిఠాయిలు తిన్నారు.

నూనెరాయిలో నూనె ఒక్కటే ఉండదు. సీసం, కాడ్మియం, పాదరసం, అన్నీ చిటికెడు చిటికెడు దాక్కుని ఉంటాయి. టన్ను రాయికి ఆ చిటికెడు ఎంత అనిపిస్తుంది. రోజుకి వేల టన్నులు కాలిస్తే చిటికెడు గుప్పెడవుతుంది, గుప్పెడు గంపెడవుతుంది. సీసమూ కాడ్మియమూ బూడిదలో చిక్కుకుంటాయి. పాదరసం గడుసుది. ఆవిరైపోయి, జల్లెడలన్నీ దాటుకుని, గొట్టం చివర నుంచి నింపాదిగా దిగి ఇళ్ళ మీదకొస్తుంది. రంగు లేదు, వాసన లేదు.

దాన్ని పట్టడానికి ప్రసూన నాలుగేళ్ళు కూర్చుని ఒక జీవిని పెంచింది. కంటికి కనిపించనంత చిన్నది. సున్నపురాయి పిండిలో బతుకుతుంది. పట్టుపురుగు ఆకు తిన్నట్టు గాలిలో పాదరసం తింటుంది. తిన్నకొద్దీ తెల్లటి పిండి వంకాయ పువ్వు రంగుకి తిరుగుతుంది. ప్రయోగశాలలో నున్నటి పింగాణీ పలకల మీద పోసి ఎండలో పెట్టారు, నీళ్ళు పోశారు, వేడి చేశారు. పట్టు విడవలేదు. అంతా బాగుంది కానీ, ఊరంతటా రోజూ కొత్త పిండి ఎవరు చల్లాలి? యంత్రాలు పెడదామంటే కంపెనీ తల అడ్డంగా ఊపింది.

ఈ మాట ఒక సాయంత్రం అక్క దగ్గర అంటే, మాణిక్యం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తల కూడా ఎత్తకుండా అంది: "పిచ్చిదానా, దానికింత బాధెందుకు? తెల్లారేసరికి ఊరంతా పిండి పోసేది మేమేగా. మా ముగ్గుచిప్పల్లో పొయ్యవే."

అలా పుట్టింది కంపెనీ ముగ్గు. పొద్దున తెల్లగా పెడితే సాయంత్రానికి ఊదారంగు. ఆడవాళ్ళు మురిసిపోయారు. గోరింటాకు పండినట్టు ముగ్గు పండుతోందన్నారు. ఎవరి వాకిలి ఎంత పండితే అంత లక్ష్మీకళ అన్నారు. పొగ ఎక్కువ పడే చివరి వరసలో మాణిక్యం ఇల్లు, ఎదురుగా సత్తెమ్మ ఇల్లు. అందరికంటే బాగా పండేవి ఆ రెండు వాకిళ్ళే. ముందు వరసల వాళ్ళు అసూయ పడి పిండి రెండింతలు పోశారు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు వాకిలి రంగు చూసి ఇంటి మంచి అంచనా కట్టేదాకా వెళ్ళింది వ్యవహారం. అది పండటం అంటే విషం పడటమని ప్రసూన మొదట్లో రెండు మూడుసార్లు చెప్పింది. "పడితే పడనీ, అది తినేస్తోందిగా!" అని నవ్వేశారు. నిజమే కదా అని ప్రసూన కూడా ఊరుకుంది. వీధి మధ్య స్తంభం మీద బిగించిన గాలి మీటరులో ఎర్ర దీపం ఆరిపోయింది, పచ్చ దీపం వెలిగింది. ఏడాది నుంచీ పచ్చగానే ఉంది. ఆ పచ్చ దీపం చూపించే కంపెనీ ఇప్పుడు రాయి కాల్చే రెండో పొయ్యి వెలిగించడానికి అనుమతి అడుగుతోంది. వచ్చే శుక్రవారం ఆ అనుమతి ఇచ్చే కమిటీ వస్తోంది. ఊదా వీధిని స్వయంగా చూస్తారట. ఈ గాలి శుభ్రమని వాళ్ళ ముందు చెప్పాల్సింది ప్రసూనే.

అందుకే తల విదిలించుకుంది. కానీ ఆ వంకర గీతలు కళ్ళ ముందు నుంచి పోలేదు. అక్క చేతి నుంచి రక్తం తీయించి పరీక్షకి పట్నం పంపింది, చేతి మీటరు ఒకటి సంచిలో వేసుకుంది, మర్నాటికల్లా "నాలుగు రోజులు నీ దగ్గరుంటా" అని అక్క ఇంటికి చేరింది.

"ఉండవే, ఎవరొద్దన్నారు? ఆ రెండో అంతస్తు గూట్లో ఒక్కదానివీ ఏం తింటావో ఏం పాడో" అంది మాణిక్యం. ప్రసూన ఉండే ఆఫీసర్ల క్వార్టర్లలో వాకిళ్ళు లేవు. గుమ్మం ముందు ముగ్గు స్టిక్కరు అంటించి, ఫినాయిలుతో తుడిచేస్తారు. పాతికేళ్ళు అక్క చేతి ముగ్గులు తొక్కి పెరిగిన మనిషి, చదువుల పేరు చెప్పి ఒక్కరోజు కూడా పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి ఎరగదు. మొదటిసారిగా తెల్లవారక ముందే లేచి, అక్క వెనకాలే అరుగు మీద కూర్చుంది.

మాణిక్యం చీపురుతో నిన్నటి ముగ్గు ఒక పక్కకి ఊడ్చింది. బకెట్లో నీళ్ళు పట్టి, గంపలోంచి పిడికెడు పచ్చిపేడ తీసి కలిపింది. చేత్తో తీసుకుని ఠపాఠపా వాకిలంతా కళ్ళాపి చల్లింది. వీధి పొడవునా అదే చప్పుడు, ప్రతి గుమ్మంలోనూ ఒక ఆడమనిషి వంగి ఉంది. తడి వాసన లేచింది. ప్రసూనకి చిన్నతనం గుర్తొచ్చి హాయిగా కూడా అనిపించింది. చేతి మీటరు పైకెత్తి చూసింది. సున్నాకి దగ్గర్లో ఉంది. గాలి శుభ్రం.

మాణిక్యం నడుం వంచి చుక్కలు పెట్టడం మొదలెట్టింది. చిప్ప ఆవిడ వేళ్ళలోంచి జారి దొర్లింది.

"అందుకోవే చెల్లీ" అంది చిరాగ్గా.

ప్రసూన మీటరు చేత్తో పట్టుకునే వంగింది. చిప్ప మీద చెయ్యి పడేలోపే మీటరు కీచుమని అరిచింది. ఉలిక్కిపడి లేచింది, మీటరు ఊరుకుంది. మళ్ళీ వంగింది, మళ్ళీ అరిచింది. నిలబడితే కుదురుగా ఉన్న ఆ ముల్లు, మోకాలి కిందకి దింపగానే అంకెల చివరికి పరిగెత్తి కొట్టుకుంటోంది. అక్కడే, సరిగ్గా ఆ ఎత్తులోనే, అక్క మొహం ఉంది.

"ఏంటే ఆ గోల? ఇళ్ళల్లో పిల్లలు లేస్తారు."

"అక్కా, లే. ముందు పైకి లే."

"ముగ్గు సగంలో ఆపితే..."

"లేవమంటున్నానా!"

మాణిక్యం చేతిని పట్టి లాగి అరుగు మీద కూర్చోబెట్టింది. వీధి పొడవునా చూసింది. అటు సత్తెమ్మ వంగి ఉంది. ఆ పక్కన సత్తెమ్మ కోడలు దివ్య, ఏడో నెల కడుపుతో, నడుం పట్టుకుని మరీ చుక్కలు పెడుతోంది. 

పలకల మీద అన్నీ పరీక్షించారు కదా, మరి ఇదేమిటి? ఆలోచిస్తే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ప్రయోగశాలలో ఎండా పెట్టారు, వానా పెట్టారు. పేడ ఎవరు పెడతారు? ఆ రోజే ఒక క్యారేజీ గిన్నెలో పచ్చిపేడ పట్టుకుని ప్రయోగశాలకి వెళ్ళింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను మూత తీసి చూసి, "మేడమ్, ఇదేం కూరండీ!" అని నాలుగడుగులు వెనక్కేశాడు. ఊదారంగు పిండి పలక మీద పోసి, పైన పేడనీళ్ళు చల్లి, గాజు బుడ్డి బోర్లించింది. చాయ్ చల్లారేలోపు ఊదా పాలిపోయి తెల్లబడింది. మొత్తం పాదరసం బుడ్డిలో ఆవిరై నిలబడింది. పేడలో జీవులు తన జీవి నోరు తెరిపించేస్తున్నాయి. పగలంతా గుటకేసినదాన్ని తెల్లారేసరికి కక్కేస్తోంది. బరువైన ఆవిరి, చలిగాలిలో మోకాలి ఎత్తు దాటదు. ఎండ పొడిచాక చెదిరిపోతుంది. స్తంభం మీది మీటరుకేం తెలుస్తుంది? అది ఎప్పుడైనా వంగి ముగ్గేసిందా?

ఊరి గాలిలో చెల్లాచెదురుగా ఉన్న విషాన్నంతా పోగుచేసి, ముద్దచేసి, ఆడవాళ్ళ ముక్కు కింద పెట్టింది తను. పెట్టమని చిప్ప పట్టింది అక్క.

ప్రయోగశాల డైరెక్టరు సదాశివరావు గారు మంచివాడే. ప్రసూనకి పని నేర్పినవాడు. ఆయన గాజు బుడ్డి వంక చూశాడు.

"పేడ వాడొద్దని చెప్పండమ్మా. మామూలు నీళ్ళు చల్లమనండి."

"ఇప్పటికే మట్టిలో ఇంకింది సార్. పిండి మొత్తం ఆపాలి, వాకిళ్ళు తవ్వి తీయాలి. కమిటీకి నిజం చెప్పాలి."

"ముగ్గు ఆపితే?" అన్నాడాయన మెల్లగా. "గాలిలో మళ్ళీ మొదటికే కదా. అప్పుడు వంగినవాళ్ళకే కాదు, ఉయ్యాల్లో పిల్లలకి కూడా. అది మీకు సమ్మతమేనా?"

ప్రసూన దగ్గర ఉన్న ఒకే ఒక్క జవాబూ ఆయనకి తెలిసిందే. "పొయ్యి ఆర్పాలి సార్."

"మూడు జిల్లాలకి కరెంటు ఇస్తున్న పొయ్యి అమ్మా అది." ఆయన లేచి కిటికీ తెర లాగాడు. "శుక్రవారం కానివ్వండి. తర్వాత పేడ సంగతి నెమ్మదిగా ప్రచారం చేద్దాం. ఈలోపు కంగారు పెట్టకండి."

శుక్రవారం అంటే మామూలు శుక్రవారమా? శ్రావణమాసం, వరలక్ష్మీ వ్రతం. పైగా కమిటీ వస్తోందని కంపెనీ ఇంటింటికీ మూడేసి బస్తాల కొత్త పిండి పంపింది. వీధి ఈ చివర నుంచి ఆ చివరికి ఒకటే ముగ్గు వేద్దామని ఆడవాళ్ళు పంతం పట్టారు. ఆ ఒక్క తెల్లవారుజామున ఎన్ని బకెట్ల కళ్ళాపి పడుతుందో, ఎంత ఆవిరి లేస్తుందో ప్రసూన లెక్కవేసుకుని, ఆ లెక్క మళ్ళీ చూసుకునే ధైర్యం లేక వదిలేసింది.

గురువారం మధ్యాహ్నం అక్క అరుగు మీద ఆడవాళ్ళని పోగుచేసి, పట్నం నుంచి వచ్చిన అక్క రక్తం రిపోర్టు చూపించి, ఉన్నదున్నట్టు చెప్పింది. అందరూ విన్నారు. విని సత్తెమ్మ లేచింది.

"ఏమ్మా ప్రసూనా, పేడ విషమా? మా అమ్మమ్మ పేడతో అలికిన ఇంట్లో తొంభై ఏళ్ళు బతికింది."

"పేడ విషం కాదు పిన్నీ, పిండితో కలిస్తే..."

"పిండి ఇచ్చింది నువ్వేగా?"

"నేనే పిన్నీ. నేనే తప్పు చేశాను."

"నిన్న అమృతమన్నావు, ఇవాళ విషమంటున్నావు. రేపేమంటావో! శ్రావణ శుక్రవారం ముగ్గు లేకపోతే లక్ష్మీదేవి ఏ గుమ్మంలోకి వస్తుంది, నీ స్టిక్కరు గుమ్మంలోకా?"

అందరూ నవ్వారు. దివ్య ఒక్కతే నవ్వలేదు. కడుపు మీద చెయ్యి వేసుకుని ప్రసూన వంక చూసింది. అత్తగారు లేవగానే తనూ లేచి వెనకాల వెళ్ళిపోయింది. వాకిట్లో ఎవరూ మిగల్లేదు, మాణిక్యం తప్ప.

"నువ్వూ నమ్మట్లేదా అక్కా?"

"ఊరి ముందు నన్ను రోగిష్టిదాన్ని చేశావు. నమ్మడానికేముంది?" మాణిక్యం మొహం తిప్పుకుంది.

ప్రసూన వంటింట్లోకి వెళ్ళి అటక మీద నుంచి పాత డబ్బా దింపింది. గంగన్నగూడెం నుంచి తెచ్చుకున్న మామూలు రాతిపిండి, అడుగున కాస్త మిగిలింది. నడవలో ఎర్రటి గచ్చు మీద పెట్టింది.

"అక్కా, నాకు మొట్టమొదట నేర్పావే, అయిదు చుక్కల తామరపువ్వు. అదొక్కటి వెయ్యి."

"వేళాకోళమా?"

"కాదు. వెయ్యి. నువ్వు సరిగ్గా వేస్తే రేపు నేనే కళ్ళాపి కలిపిస్తా."

మాణిక్యం కొంగు దోపి కూర్చుంది. చిటికెడు పిండి తీసింది. మొదటి చుక్క పడింది. రెండోది దాని పక్కన పడాల్సింది, జానెడు ఎడంగా పడింది. తుడిచింది. మళ్ళీ పెట్టింది. ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని గీత లాగింది. గీత పాములా మెలికలు తిరిగింది. తుడిచింది. మళ్ళీ లాగింది. గచ్చంతా తెల్లగా అలుక్కుపోయింది కానీ తామరపువ్వు మాత్రం రాలేదు. పిండి అయిపోయింది.

చాలాసేపు ఆ చేతినే చూసుకుంది మాణిక్యం, ఎవరిదో చెయ్యి తన ఒళ్ళో పెట్టిపోయినట్టు. తర్వాత ఏడ్చింది. అమ్మ పోయిననాడు కూడా చెల్లెలు బెదురుతుందని ఏడవని మనిషి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ప్రసూన పక్కన కూర్చుని ఆ తల భుజం మీదకి తీసుకుంది.  

"తగ్గుతుందా?" అంది మాణిక్యం చివరికి.

"తెలీదు అక్కా. కొందరికి కొంత తగ్గుతుంది."

"దివ్య కడుపులో బిడ్డకో?"

ప్రసూన గచ్చు మీద అలుక్కుపోయిన పిండిని అరచేత్తో తుడవసాగింది.

మాణిక్యం కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "చెబితే వినేవాళ్ళు కాదు వీళ్ళు. లక్ష్మీదేవిని ఆపేది ఒక్కటే. నువ్వు పడుకో. రేపటి సంగతి నాకొదిలెయ్."

శుక్రవారం, ఇంకా వెలుగు రాకముందే, చివరి వరసలో ఏడుపు లేచింది. శోకాలు పెట్టి, రాగం తీసి ఏడ్చే ఏడుపు. చావు ఏడుపు. బకెట్లు ఎక్కడివక్కడ వదిలేసి, చేతుల్లో చీపుళ్ళతోనే ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. "వీరస్వామి బావ! అయ్యో, రాత్రి కూడా మాట్లాడాడే!" అనుకుంటూ వచ్చినవాళ్ళకి, వీరస్వామి అరుగు స్తంభానికి ఆనుకుని నిలబడి కనిపించాడు.

అరుగు మీద మాణిక్యం జుట్టు విరబోసుకుని కూర్చుంది. ముందు ఒక పీట. పీట మీద తెల్లటి గుడ్డ చుట్టిన కుడిచెయ్యి చాపి పెట్టుకుంది. వేళ్ళ కొసల దగ్గర, శవం తలాపున పెట్టినట్టే, నూనె దీపం వెలుగుతోంది.

"ఎవరు పోయారే మాణిక్యం?" అంది సత్తెమ్మ రొప్పుతూ.

"నా చెయ్యి పోయింది."

 ఎవరో కిసుక్కున నవ్వి, నాలుక కరుచుకున్నారు.

"పిచ్చి పట్టిందా? పండగపూట ఈ అపశకునం ఏంటి?"

"పిచ్చి కాదు సత్తెమ్మా. వెలిచేటి వారి పెద్దకోడలి చెయ్యి చచ్చిపోయింది. మీ పిల్లల బారసాలలకి, మీ ఆడపడుచుల పెళ్ళిళ్ళకి ముగ్గులేసిన చెయ్యి. పాలివాళ్ళు మీరంతా. మైల మీకందరికీ ఉంది. పదకొండు రోజులు వాకిళ్ళలో కళ్ళాపి లేదు, ముగ్గు లేదు."

"చేతికి మైల పట్టడం ఎక్కడైనా ఉందా!"

మాణిక్యం గుడ్డ విప్పింది. దీపం వెలుగులో ఆ చెయ్యి పీట మీద తనంతట తానే అదురుతోంది, ఒడ్డున పడ్డ చేపలాగా. ముందు వరసలో ఉన్నవాళ్ళు ఒకడుగు వెనక్కి వేశారు. మాణిక్యం ఎడంచేత్తో సుద్దముక్క తీసి సత్తెమ్మకి చాపింది.

"నీ చెయ్యి బతికే ఉందేమో చూసుకో. ఈ గచ్చు మీద ఒక్క గీత. తిన్నగా ఉంటే, పద, నేనే వచ్చి నీ వాకిలి ఊడుస్తా."

"ఓస్, ఇంతేనా?" అని సత్తెమ్మ సుద్ద లాక్కుంది. విసురుగా వంగింది. మూరెడు గీత గీసింది. చూసుకుంది. కొంగు బిగించి దాని పక్కనే ఇంకొకటి గీసింది, ఈసారి నెమ్మదిగా, ఊపిరి బిగబట్టి. అది ఇంకా వణికింది. సత్తెమ్మ సుద్ద కింద పెట్టేసి, తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంది.

తర్వాత ఎవరూ ఎవర్నీ పిలవలేదు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి సుద్ద తీసుకున్నారు. అరుగంతా గీతలతో నిండిపోయింది. కొన్ని కాస్త నయం, కొన్ని ఘోరం. తిన్నటిది ఒక్కటీ లేదు. చివర దివ్య వచ్చింది. ఆమెని గీయనివ్వలేదు సత్తెమ్మ. సుద్ద లాగేసుకుని, కోడల్ని గట్టిగా కావలించుకుని, "నేనే లేపానమ్మా, రోజూ నేనే లేపి వాకిట్లోకి తోశాను" అని బావురుమంది.

వెళ్ళి తన బకెట్టు కాలవలో కుమ్మరించి వచ్చింది. మిగతావాళ్ళూ అదే చేశారు. ప్రసూన మూతికి గుడ్డ కట్టుకుని, మగవాళ్ళని వెంటేసుకుని, నిన్నటి ముగ్గుల మీద తడి గోనెసంచులు పరిపించింది. తెల్లారేసరికి వీధి వీధంతా బోసిగా ఉంది. ప్రతి గుమ్మంలోనూ మాత్రం ఒక దీపం వెలుగుతోంది. వ్రతం దీపం కాదు.

పదింటికి కార్లు వచ్చాయి. సదాశివరావు గారు ముందుగా దిగి, వీధి చూసి, అక్కడే ఆగిపోయాడు. కమిటీ పెద్ద ఒక నడివయసు ఆవిడ, పట్టుచీర కట్టుకుని వచ్చింది.

"ఏదండీ మీ ఊదా వీధి? ఇదేమిటి, ఎవరైనా పోయారా?"

"అవునండీ" అంది సత్తెమ్మ.

"అయ్యో. ఎవరు?"

 మాణిక్యం తన చెయ్యి చాపింది. పక్కన సత్తెమ్మ చాపింది. ఆ వరసలో ఒకరొకరుగా అందరూ చాపారు. పట్టుచీర ఆవిడ ఆ చేతుల వంక చూస్తూ చూస్తూ రెండడుగులు ముందుకి వేసింది. అప్పుడే నెత్తి మీద టిక్కుమని చప్పుడయింది. స్తంభం మీద ఏడాదిగా వెలుగుతున్న పచ్చ దీపం ఆరిపోయి, ఎర్రది వెలిగింది. మీటరు కూయడం మొదలెట్టింది.

"ఇదేమిటి? ఇక్కడ ఎప్పుడూ పచ్చేనన్నారే?"

ఆవిడ అడిగింది సదాశివరావు గారిని. ఆయన ప్రసూన వంక చూశాడు. చెప్పొద్దు అన్నట్టు కాదు, ఇక నీ ఇష్టం అన్నట్టు.

"ముగ్గు ఆగిందండీ" అంది ప్రసూన. "ఇన్నాళ్ళూ ముగ్గు పట్టిన విషాన్ని కళ్ళాపి పడగానే వీళ్ళు వంగి పీల్చారు కాబట్టి మీటరుకి కనబడలేదు. ఇది ఆ గొట్టం గాలి. ఒక్క పొయ్యిది. ఇవాళ మీరు రెండోదానికి సంతకం పెట్టడానికి వచ్చారు."

ఆవిడ తలెత్తి పొగగొట్టం వంక చూసింది. "ఇవాళ ఏ సంతకమూ లేదు" అంది. "మొదటిది కూడా ఆపండి."

"ఆ పొయ్యి చల్లారడానికే వారం పడుతుందండీ" అన్నాడు సదాశివరావు గారు. "అదీ పైనుంచి ఉత్తరువు వస్తేనే."

కమిటీలో ఒకాయన జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. మిగతావాళ్ళు ఆయన్ని చూసి తామూ పెట్టుకున్నారు. మాట్లాడాల్సింది కారులో మాట్లాడుకుందామని ఎవరో అన్నారు. తలుపులు పడ్డాయి, అద్దాలు పైకెక్కాయి, కార్లు కదిలాయి. మీటరు కూస్తూనే ఉంది. పొగ ఎప్పటిలాగే గొట్టం చివర నుంచి లేచి, కాసేపు ఆలోచించుకున్నట్టు ఆగి, కాలనీ మీదకి వంగింది. దివ్యని తీసుకుని తమ్ముడింటికి పోతానంటూ సత్తెమ్మ బట్టలు సర్దడానికి లోపలికెళ్ళింది. పోవడానికి చోటు లేనివాళ్ళు అరుగుల మీదే కూర్చున్నారు.

"ప్రసూనా" అంది మాణిక్యం. "ముగ్గు మానేశాంగా. మరి ఇప్పుడు ఈ గాలిని ఎవరు పట్టుకుంటారే?"

ప్రసూన అక్క పక్కన కూర్చుని, ఆ కుడిచేతిని తన రెండు చేతుల మధ్యకి తీసుకుంది. గట్టిగా పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకున్నా ఆ వణుకు ఆగలేదు.